ఎడమ వైపు ప్రొపెల్లర్

"నీకు జిగురు వాడటం వచ్చా?" అని అడిగాడు చీఫ్.

ఏజెంట్ తూటా తలెత్తి చూశాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని తూటా అనే పిలుస్తారు. వాడిన తుపాకుల లెక్క అతనికే గుర్తులేదు. పదకొండేళ్ల సర్వీసులో చీఫ్ అతన్ని చాలా అడిగాడు. కదిలే రైలు మీంచి దూకగలవా అన్నాడు, విషాన్ని వాసన చూసి చెప్పగలవా అన్నాడు. జిగురు ప్రస్తావన రావడం ఇదే మొదలు.

"ఏం అతికించాలి సార్?"

"యుద్ధనౌక."

గదిలో లైట్లు ఆరిపోయాయి. ప్రొజెక్టర్ టక్కుమంది. తెర మీద బూడిద రంగు యుద్ధనౌక, ఫిరంగులతో సహా. దాని పక్కన ఒక కాఫీ కప్పు, ఓడలో సగం ఎత్తుంది.

"బొమ్మా!" అన్నాడు తూటా.

"మోడల్ అనాలి. బొమ్మ అంటే వాళ్లకి కోపం." చీఫ్ గొంతు తగ్గించాడు. "మన నేవీ కొత్త ప్రొపెల్లర్ తయారు చేసింది. నీళ్లలో తిరుగుతుంటే చప్పుడు రాదు. ఆ ఆకారం శత్రువు చేతిలో పడితే వాళ్ల ఓడలకీ బిగించుకుంటారు, మన ఓడల్ని పసిగట్టే దారీ కనిపెడతారు. పోయిన వారం అది ల్యాబ్ నుంచి మాయమైంది. కాగితం మీద కాదు. సరిగ్గా నూటో వంతు సైజులో, ఇత్తడితో పోత పోసి. చేతి గడియారం డయల్ అంత ఉంటుంది."

"దేశం దాటించేది ఎలా?"

"ఇలాంటి ఓడకి బిగించి. ఈ ఊళ్లో ఒక క్లబ్ ఉంది. కిట్లు కొనరు. ఫిరంగి నుంచి లంగరు దాకా ప్రతిదీ సొంతంగా చేసుకుంటారు. స్క్రాచ్ బిల్డింగ్ అంటారు దాన్ని. నాలుగు నెలల్లో ఎగ్జిబిషన్. విదేశీ జడ్జి వస్తాడు, నెగ్గిన ఓడని తమ దేశంలో ప్రదర్శనకి పట్టుకుపోతాడు. ఫైల్లో అతని పేరు తెల్ల సూటు. ఏ ఓడలో పెడతారో కనిపెట్టడం నీ పని. లోపల మన మనిషి ఉంది. కోడ్ నేమ్ కోకిల. ఆమె అనుమానమంతా క్లబ్ పెద్ద మీద."

"నాలుగు నెలలు ఓడలు అతికిస్తూ కూర్చోవాలా? ఇంకెవరూ దొరకలేదా సార్?"

"ఆ ప్రొపెల్లర్ బిగించిన మొదటి ఓడలో సోనార్ ఆపరేటర్ ఎవరో నీకు తెలుసనుకుంటాను."

తెలుసు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని సముద్రంలో శత్రువు ఓడల చప్పుడు వినే ఆ కుర్ర ఆఫీసర్ అతని సొంత తమ్ముడు. తూటా బల్ల మీది జిగురు సీసా అందుకున్నాడు.

క్లబ్ ఒక పనిముట్ల దుకాణం పై అంతస్తులో ఉంది. ఇరవై బల్లలు, ఇరవై దీపాలు, నేల నిండా రంపపు పొట్టు. తూటా బట్టతల విగ్గు, దళసరి కళ్లద్దాలు, చొక్కా కింద చిన్న దిండు పెట్టుకుని రిటైరైన లెక్కల మాస్టారుగా చేరాడు. కళ్లద్దాల్లో కెమెరా ఉంది. గడియారంలో మత్తు సూదులున్నాయి.

మొదటి రోజే ఒక ఆకుపచ్చ సిల్కు స్కార్ఫ్ అతని బల్ల పక్కన ఆగింది. అంత పొట్టులోనూ ఆమె హైహీల్స్‌కి దుమ్ము అంటలేదు.

"మీ దగ్గర వెర్నియర్ ఉందా?" అందామె.

"ఉంది. సున్నా దగ్గర కాస్త తప్పుతుంది," అన్నాడు తూటా.

కోడ్ సరిపోయింది. కోకిల నవ్వింది. "మీ వేళ్లు ఓడలు కట్టడానికే పుట్టాయి మాస్టారూ," అని వెళ్లిపోయింది.

ఆ వేళ్లే రెండో రోజు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మూడో రోజు డెక్కుకి అతుక్కుపోయాయి. ఇన్‌స్టంట్ గమ్ ఓడకి తప్ప అన్నిటికీ అంటుకునేది. నెల తిరిగేసరికి దాని ఆవిరికి కళ్లద్దాల మీద తెల్లటి పొర కట్టింది, కెమెరా గుడ్డిదైంది. రెండో నెల్లో గమ్ కారి గడియారంలోకి పోయింది. సూదులు బయటికి రావడం మానేశాయి. సూది మొన మీద నిలబడమన్నా నిలబడేవాడేగానీ, అరవై రెండు రెయిలింగ్ కడ్డీలు వరసగా నిలబెట్టడం అతని వల్ల కాలేదు. అరవై ఒకటోది పెడుతుంటే మొదటిది పడిపోయేది. తూటాకి ఏడుపొచ్చినంత పనయ్యేది.

అన్నిటికీ మించి మేస్త్రి. క్లబ్ పెద్ద అతనే. షిప్‌యార్డులో ఫిట్టర్‌గా నలభై ఏళ్లు చేసిన ముసలాయన, వెనకాల అందరూ మిల్లీమీటర్ మేస్త్రి అనేవాళ్లు. చేతిలో స్కేలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

"అర మిల్లీమీటరు తేడా ఉంది మాస్టారూ. పీకేయండి."

"అర మిల్లీమీటరు ఎవరికి కనిపిస్తుందండీ?"

"నాకు కనిపించింది కదా!"

ఇలాంటి మనిషి దేశద్రోహి అంటే నమ్మడం తూటాకి చాలా సులువైంది. నిజం చెప్పాలంటే నమ్మాలని కోరిక కూడా కలిగింది.

మూడో నెల ప్రొపెల్లర్ల వంతు. ఇత్తడి రేకు కత్తిరించి, ఐదేసి రెక్కలు మెలితిప్పి, రెండు ప్రొపెల్లర్లు చేశాడు. మేస్త్రి వాటిని దీపం దగ్గర పట్టుకుని నుదురు కొట్టుకున్నాడు.

"ఏమయ్యా మాస్టారూ, రెండూ ఒకవైపే తిరుగుతాయి ఇవి! ఓడ వెనక నిలబడి చూడు. కుడిది గడియారం ముల్లు తిరిగే వైపు తిరగాలి, ఎడమది దానికి ఎదురు తిరగాలి. అద్దంలో చూసుకున్నట్టుండాలి జోడీ. రెండూ ఒకవైపే తిరిగితే ఓడ పక్కకి లాగుతుంది. పిల్లలకి లెక్కలెట్లా చెప్పావయ్యా నువ్వు!"

రెండోసారీ అదే తప్పు. మూడోసారి వైపు సరిగ్గా వచ్చింది గానీ ఐదు రెక్కలూ ఐదు దిక్కులు చూశాయి. మేస్త్రి వాటిని చెత్తబుట్టలో వేశాడు. తూటా అందరూ వెళ్లాక ఏరుకుని కోటు జేబులో వేసుకున్నాడు, ఎందుకో తనకే తెలియదు. నాలుగోసారి చేసిన జోడీని మేస్త్రి చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఊఁ" అన్నాడు. పతకాలు అందుకున్నప్పుడు కూడా తూటాకి అంత ఆనందం కలగలేదు. ఆ "ఊఁ"ని వారం రోజులు నెమరేసుకున్నాడు.

ఎగ్జిబిషన్ రోజు వచ్చింది. అప్పటికి అసలు కేసు మాత్రం ఉన్న చోటే ఉంది. తూటా మేస్త్రి ఓడని మూడుసార్లు రహస్యంగా వెతికాడు. దొరికింది ఏమీ లేదు. చెవిలో చీఫ్ గొంతు గొణుగుతోంది. "నాలుగింటికి వ్యాన్ బయల్దేరుతుంది. కోకిల మేస్త్రినే అరెస్ట్ చెయ్యమంటోంది. ఏమంటావ్?"

"ఆధారం లేదు సార్."

"నాలుగు నెలలు ఏం చేశావ్ మరి?"

"రెయిలింగ్," అన్నాడు తూటా పళ్లు నూరుతూ.

మూడున్నరకి తెల్ల సూటు మైకు ముందుకొచ్చాడు. వచ్చీరాని మాటల్లో ప్రకటించాడు. మొదటి బహుమతి, లెక్కల మాస్టారి యుద్ధనౌక.

తూటా కాళ్లు నేల మీద నిలవలేదు. నాలుగు నెలల కష్టం, అతుక్కుపోయిన వేళ్లు, పడిపోయిన కడ్డీలు అన్నీ ఒక్క క్షణంలో మర్చిపోయాడు. తాను ఎవరో, ఎందుకొచ్చాడో కూడా మర్చిపోయాడు. సిగ్గుపడుతూ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. సిబ్బంది ఓడని ఎత్తి ప్యాకింగ్ గదికి తీసుకెళ్తున్నారు.

"ఆగండి!" మేస్త్రి గొంతు హాలంతా మోగింది. స్కేలుతో ఓడ అడుగు చూపించాడు. "దీనికా ఫస్ట్ ప్రైజు? ప్రొపెల్లర్లు రెండూ ఒకవైపే తిరిగేలా ఉన్నాయి! ఏమయ్యా మాస్టారూ, మళ్లీ పప్పులో కాలేశావా?"

తూటాకి ఒళ్లు మండింది. "నాలుగోసారి సరిచేశానండీ! మీరే ఊఁ అన్నారు!"

"అయితే ఇదేంటి?"

తూటా వంగి చూశాడు. కుడి వైపుది తనదే, ఆకురాయి జారిన గీత కూడా ఉంది. ఎడమ వైపుది తళతళలాడుతోంది. ఐదు రెక్కలూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఇంత అందంగా తను చేయలేదు. చేయలేడు కూడా.

అప్పుడు అర్థమైంది. తన ఓడ ప్యాక్ చేసే పెట్టె మీద డిపార్ట్‌మెంట్ రహస్య సీలు ఉంటుంది, కస్టమ్స్‌లో దాన్ని ఎవరూ స్కాన్ చేయరు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. చీఫ్‌కి, కోకిలకి. బహుమతి వచ్చింది తన ఓడకి కాదు, దాని కింద వేలాడుతున్న ఇత్తడి ముక్కకి. దేశ రహస్యం పోతోందన్న కంగారుకంటే ముందు ఆ కడుపుమంటే తగిలింది.

"సార్, మేస్త్రి జోలికి పోకండి. నాకు ఐదు నిమిషాలు కావాలి," అన్నాడు కాలర్‌లోకి.

ప్యాకింగ్ గదిలో ఎవరూ లేరు. ఓడ పెట్టెలో ఉంది, మూత ఇంకా బిగించలేదు. తూటా నట్టు విప్పి ఎడమ ప్రొపెల్లర్ లాగి జేబులో వేసుకున్నాడు. అదే జేబులోంచి మూడోసారి చేసినది తీశాడు, ఐదు దిక్కులు చూసేది.

"చేతులు పైకెత్తండి మాస్టారూ."

కోకిల. చేతిలో లిప్‌స్టిక్, దాని మొనలో సన్నటి రంధ్రం. తూటా మణికట్టు తిప్పి గడియారం నొక్కాడు. సూది రాలేదు, జిగురు వాసన వచ్చింది.

"నీ ప్రొపెల్లర్‌ని తప్పుడు షాఫ్ట్‌కి బిగించావు. అది కుడి వైపుది," అన్నాడు తూటా.

ఆమె కళ్లు చిట్లించింది. "కుడేంటి, ఎడమేంటి? ఏదైతే ఏం?"

"రెండేళ్లుగా క్లబ్‌లో ఉన్నావు. ఒక్క ఓడైనా సొంతంగా కట్టావా?"

"ఆ దరిద్రం నాకెందుకు? డబ్బిస్తే కట్టిపెట్టేవాళ్లు ఉన్నారు," అంటూ గురి సరిచేసింది.

ప్రొపెల్లర్‌తో పాటు జేబులోంచి తీసిన గమ్ సీసా పైకెత్తిన చేతిలోనే ఉందన్న సంగతి ఆమె గమనించలేదు. తూటా గట్టిగా నొక్కాడు. ధార తిన్నగా లిప్‌స్టిక్ మీద పడింది. ఆమె మీట నొక్కింది. మీట కదల్లేదు, బొటనవేలు కూడా కదల్లేదు. నాలుగు నెలల్లో గమ్ మొదటిసారి చెప్పిన పని చేసింది.

"బయట మా వాళ్లు ఆరుగురున్నారు. జైలుకి పోతావా, లేక తెల్ల సూటుకి అంతా సిద్ధమని చెప్తావా?" అన్నాడు తూటా.

కోకిల రెండు క్షణాలు ఆలోచించింది. పక్షాలు మార్చడం ఆమెకి స్కార్ఫ్ మార్చినంత పని. "అతనికి నేనే చెప్తాను. తొందరగా కానివ్వండి," అంటూ చేతిని స్కార్ఫ్‌లో చుట్టుకుని బయటికి నడిచింది.

వరండాలో బూట్ల చప్పుడు. తూటా ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి ఎక్కించాడు. నట్టు వేలి నుంచి జారి ప్యాకింగ్ పొట్టులో పడింది. దేవులాడాడు. దొరకలేదు. బూట్లు తలుపు దగ్గరికొచ్చాయి. మిగిలిన ఒక్క చుక్క గమ్ షాఫ్ట్ మీద పిండి నొక్కిపట్టాడు. అంటుకుంది. దాంతోపాటు అతని చూపుడు వేలు కూడా అంటుకుంది.

తలుపు గడియ కదిలింది. తూటా కళ్లు మూసుకుని వేలు లాగాడు. చర్మం కొంచెం ఓడకే ఉండిపోయింది. తెల్ల సూటు లోపలికొచ్చేసరికి మాస్టారు వేలు నోట్లో పెట్టుకుని, కళ్లల్లో నీళ్లతో నిలబడి ఉన్నాడు.

"మీ ఓడని వదల్లేకపోతున్నారు పాపం!" అన్నాడు తెల్ల సూటు జాలిగా.

"అవునండీ," అన్నాడు తూటా. అది అబద్ధం కాదు. అరవై రెండు కడ్డీలూ ఆ రోజే మొదటిసారి నిటారుగా నిలబడ్డాయి. సరిగ్గా నాలుగింటికి వాటిని వ్యాన్ ఎక్కించుకుపోయారు, మళ్లీ చూసే యోగం లేదు.

ఏడాది తర్వాత తమ్ముడు సెలవు మీద వచ్చాడు. అన్నం దగ్గర కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్నాడు.

"ఏంట్రా?"

"చెప్పకూడదు గానీ అన్నయ్యా, అవతలి వాళ్లు తమ ఓడలన్నిటికీ కొత్త ప్రొపెల్లర్లు బిగించారు. డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు ఒకటే గోల. నలభై మైళ్ల దూరం నుంచి వినిపిస్తున్నాయి. ఆ డిజైన్ ఎవడు చేశాడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి."

తూటా చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. "మరీ అంత దారుణంగా ఉందా?"

"చెవులు పోతున్నాయి అన్నయ్యా! నీకెందుకు అంత కోపం?"

ఒక నౌకాదళం మొత్తం తన చేతిపనిని నమ్ముకుని సముద్రంలో తిరుగుతోంది. ఆ మాట మేస్త్రితో ఒక్కసారి చెప్పుకుంటానని తూటా మూడు అర్జీలు పెట్టాడు. మూడింటినీ చీఫ్ తిప్పి పంపాడు.