ఎవరూ కూర్చోని కుర్చీ

కొత్తగా వచ్చిన ఓ ప్రేమ పాట వీడియోలో నీలం కుర్చీ తొమ్మిదిసార్లు కనిపిస్తుందని పనిగట్టుకుని లెక్కపెట్టిన మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. పగలంతా స్టూడియోలో సినిమాలకు సబ్‌టైటిల్స్ రాస్తుంది. తీరిక దొరికినప్పుడు పాటల వీడియోల్లో దాగున్న అర్థాలు విప్పి చెబుతూ ఇంటర్నెట్‌లో తన వీడియోలు పెడుతుంది. ఈ పాట గురించి ఇలా చెప్పింది.

"హీరోయిన్ బట్టల షాపులో సేల్స్‌గర్ల్. మడతలు పెడుతుంది, నవ్వుతుంది, డాన్స్ చేస్తుంది. వెనకాలే కుర్చీ ఉంటుంది, ఒక్కసారి కూడా కూర్చోదు. ఇది ప్రేమ పాట కాదండీ, రోజంతా నిలబడి పనిచేసేవాళ్ల పాట. రాసినవాళ్లకి తెలుసో లేదో గానీ, సెట్ వేసినవాళ్లకి మాత్రం కచ్చితంగా తెలుసు!"

సెట్ వేసినవాడు అది చూస్తూ తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు. వాళ్లమ్మ ఇరవై ఏళ్లు బట్టల షాపులో నిలబడే పనిచేసింది. బేరాలు లేకపోయినా కూర్చోకూడదని అక్కడ రూలు. డైరెక్టర్‌కి కూడా చెప్పకుండా ఆ కుర్చీ పెట్టాడు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని అమ్మాయి పట్టేసింది.

ఏం చేయాలో తోచక వేళాకోళానికి దిగాడు. "మేడమ్, సెట్ వేసింది నేనే. ఆ కుర్చీకి ఒక కాలు విరిగింది. కూర్చుంటే హీరోయిన్ పడిపోతుంది. అర్థం అంతే!" అని కింద కామెంట్ పెట్టాడు.

తెల్లారేసరికి ఊరంతా నవ్వింది. ఆమెకు "కుర్చీ మేడమ్" అని పేరు కూడా పెట్టేశారు. మూడోరోజు ఆమె పెట్టిన వీడియో మాయమైంది. "ఇక అర్థాలు చెప్పను" అన్న ఒక్క ముక్క మిగిలింది.

అతనికి ముద్ద దిగలేదు. వెతుక్కుంటూ ఆమె పనిచేసే స్టూడియోకి వెళ్లాడు.

"ఎవరండీ?" అంది ఆమె, హెడ్‌ఫోన్స్ తీయకుండానే.

"విరిగిన కుర్చీ తాలూకు మనిషిని."

హెడ్‌ఫోన్స్ ఊడొచ్చాయి. "ఓహో! మా ఆఫీసు కుర్చీల కాళ్లు చూడ్డానికొచ్చారా?"

"సారీ చెప్పడానికొచ్చానండీ. ఆ కుర్చీకి నాలుగు కాళ్లూ బాగానే ఉన్నాయి. మీరు చెప్పింది అక్షరాలా నిజం."

"మరి ఆ కూతలెందుకు కూశారు?"

"భయమేసింది. నా డైరీ ఎవరో మైకులో చదివేసినట్టు అనిపించింది." అమ్మ సంగతి మొత్తం చెప్పాడు.

ఆమె చూపు మెత్తబడింది. గొంతు మాత్రం మెత్తబడలేదు. "బాగుంది. వెక్కిరించడం ఊరందరి ముందూ, సారీ మాత్రం నా చెవిలోనా?"

అతను తల దించుకుని ఇంటికెళ్లి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని వీడియో తీశాడు. అబద్ధమాడానన్నాడు. డైరెక్టర్‌కి తెలియకుండా ఆ కుర్చీ ఎందుకు పెట్టాడో, అమ్మ సంగతేమిటో చెప్పాడు. మళ్లీ చూసుకోకుండా పోస్ట్ చేశాడు.

గంటలో డైరెక్టర్ ఫోన్. "నాకు చెప్పకుండా నా పాటలో నీ గోల దూర్చావా? వచ్చే పాటకి నువ్వు రానక్కర్లేదు!"

మర్నాడు ఆమె ఫోన్. "పని పోయిందటగా?"

"పోయిందండీ."

"బాధగా ఉందా?"

"ఉంది. కానీ మీ వీడియో మళ్లీ పెట్టారుగా, సగం తగ్గింది."

"మిగతా సగానికి కాఫీ తాగుదాం రండి."

ఆ కాఫీ తర్వాత ఇంకా చాలా కాఫీలయ్యాయి. అతనికి ఒక నాటకం కంపెనీలో సెట్ల పని దొరికింది. ఓ ఆదివారం ఆమెను ఇంటికి తీసుకెళ్తే, వాళ్లమ్మ ఆ పాట ఆమె పక్కన కూర్చుని మళ్లీ చూసి, కళ్లు తుడుచుకుంది.

"నాకోసం పెట్టానని నాతో ఒక్క మాటైనా అనలేదమ్మా వీడు! చిన్నప్పటి నుంచీ ఇంతే. ఆకలేస్తే నోరు తెరిచి అడగడు, పళ్లెం మోగిస్తాడు."

ఆమె పడీపడీ నవ్వింది. అతను వంటింట్లోకి పారిపోయాడు.

ఆ వారమే బస్టాపులో ఇద్దరూ వానకు చిక్కారు. అతను సంచిలోంచి అట్టతో చేసిన చిన్న ఇల్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. కిటికీ తెరిచి ఉంది. గుమ్మం ముందు వేలెడంత చెప్పులు రెండు జతలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అర్థమైందా?"

"ఊహూఁ."

"మీకా? అర్థం కాలేదా?"

"కాలేదు. పళ్లెం మోగిస్తే నేను వడ్డించను. నోటితో చెప్పండి."

అతను ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకిష్టం. పెళ్లి చేసుకుందామా?"

వాన జోరందుకుంది. "వినబడలేదు!"

"పెళ్లి చేసుకుందామా అంటున్నా!" అని అరిచేశాడు.

బస్టాపు మొత్తం ఇటు తిరిగింది. కూరగాయల సంచితో నిలబడ్డ ఓ పెద్దావిడ, "మాకందరికీ వినబడింది నాయనా," అని, ఆమె వైపు తిరిగింది. "ఏమ్మా, ఏమంటావు?"

"సరేనంటానండీ," అంది ఆమె, అట్ట ఇల్లు తడవకుండా బ్యాగులో దాచుకుంటూ.