మెరవని గ్లాసు

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం తొమ్మిది ఇరవై. క్లినిక్ వెనుక దుప్పట్ల గదిలో ఉన్నది ఇద్దరే: లిఫ్ట్ మెకానిక్ వేషంలో చీఫ్, ఆరు వారాలుగా ట్రయల్ వాలంటీరుగా నటిస్తున్న ఏజెంట్ పిచ్చుక.

“విదేశీ ముఠా మెసేజ్ దొరికింది. ‘పాలు విరిగాయి.’ పౌడర్ మార్చి ఉత్త పిండి పెట్టేశారు. ఎప్పటి నుంచో తెలీదు,” అన్నాడు చీఫ్.

బిడ్డను కనాలనుకుంటున్న నలభై మంది స్త్రీలకు రోజూ ఇక్కడే తాగించే ఆ పౌడర్‌లో ఫోలేట్, బి విటమిన్లు ఉంటాయి. గర్భం నిలిచే ఆ కొద్ది వారాల్లో తల్లి తినే తిండి బిడ్డ జన్యువులను మార్చదు. కాని ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నిర్ణయించే రసాయన గుర్తులను మార్చవచ్చు. ట్రయల్ విఫలమైతే పరిశోధన మూతపడుతుంది; దొంగిలించిన ఫార్ములాను విదేశీ ముఠా తన పేరుతో అమ్ముకుంటుంది.

“ఇదిగో యూవీ పెన్ను. అసలు పౌడర్‌లో బి-టూ ఉంటుంది, ఈ వెలుగు పడితే పచ్చగా మెరుస్తుంది. అవసరమైతే డైటీషియన్ సాయం తీసుకో.”

“ఆవిడ మన మనిషేనా సార్?”

“డబుల్ ఏజెంట్ కదమ్మా. మూడొంతులు మన మనిషే.”

నెల తప్పి ఎనిమిది రోజులైందని పిచ్చుక ఆయనకు చెప్పలేదు. ఇంట్లో భర్తకూ చెప్పలేదు.

హాల్లో నలభై గ్లాసులు సిద్ధంగా ఉన్నాయి. సిల్కు స్కార్ఫు సవరించుకుంటూ డైటీషియన్ నవ్వింది. “తొమ్మిదిన్నరయింది. ముక్కు మూసుకునైనా సరే, తాగేయండమ్మా!”

“ముందు మీరు తాగి చూపించండి మేడమ్, ఆ నవ్వు ఉంటుందో ఊడుతుందో!” అంది పక్క కుర్చీలోని టీచరు. అందరూ నవ్వారు.

పిచ్చుక పెన్ను నొక్కింది. తన గ్లాసు మెరవలేదు. టీచరు గ్లాసూ మెరవలేదు. అప్పటికే అది ఆమె పెదవులను తాకింది.

“ఆగండి! ఎవరూ తాగొద్దు!”

డైటీషియన్ వెనుక తలుపు వైపు పరుగెత్తింది. అక్కడ లిఫ్ట్ మెకానిక్ బేడీలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఎప్పటి నుంచి మార్చావ్?” పిచ్చుక ఒక చేత్తో ఆమె భుజం పట్టి కుదిపింది.

“నీకెందుకు అంత కంగారు? నువ్వు నటిస్తున్నావుగా!” అని నవ్వుతూనే ఆమె పిచ్చుక పొట్ట వైపు చూసింది. అక్కడ పిచ్చుక రెండో చెయ్యి అడ్డంగా ఉంది. డైటీషియన్ నవ్వు ఆగిపోయింది. “ఇవాళే మొదలు. ఒట్టు.”

ఒట్టు వేసి అబద్ధం చెప్పడమే ఆమె ఉద్యోగం. నిన్నటి గ్లాసులను నిన్ననే కడిగేశారు.

“ఆవిడ మాట నిజమో కాదో నేను చెప్పలేను,” అంది ట్రయల్ డాక్టరు, నెల తప్పిన సంగతి పిచ్చుక చెప్పగానే. “గుర్తులు మారినంత మాత్రాన జబ్బు రావాలనీ లేదు. ఇవాళ్టి నుంచి అసలు పౌడరే నా చేత్తో ఇస్తాను. కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తంలో ఆ గుర్తులను పరీక్షిద్దాం. ఆ పరీక్షకు ఒప్పుకుంటూ తల్లిగా ఇక్కడ సంతకం పెట్టండి. అసలు పేరుతో.”

ఏడు దొంగ పేర్లతో తడబడకుండా సంతకాలు చేసిన ఏజెంటు, సొంత పేరు రాయడానికి రెండు కాగితాలు పాడుచేసింది. మూడోదాన్ని డాక్టరు మడిచి బీరువాలో పెట్టింది.