గోడ అవతలి కొవ్వొత్తి

తెల్లవారుజామున జూలో సింహం అరిస్తే ఆ వీధిలో ఎవరూ ఉలిక్కిపడరు. బహదూర్‌పురాలో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లకు అది పాలు పొయ్యి మీద పెట్టే వేళ, అంతే. ఆగమ్మ కూడా ఆ అరుపుతోనే లేచి, ముఖం కడుక్కుంటూ ఆ రోజు పనులన్నీ పైకే వల్లించుకుంది. జపమాల మాసం కదా, అక్టోబరంతా మరియతల్లి స్వరూపం రోజుకో ఇంటికి వెళ్తుంది. ఈ సాయంత్రం వంతు వాళ్లది. ముందుగదిలో టీవీ పక్కకు జరపాలి, బల్ల మీద తెల్లగుడ్డ పరవాలి, వచ్చినవాళ్లకు పెట్టడానికి శనగ గుడాలు చేయాలి.

మామూలుగా అయితే ఈ రోజు ఆగమ్మను పట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఈసారి మాత్రం చేతులు పని చేస్తున్నా మనసు కోడలి గది తలుపు దగ్గరే ఉంది. స్రవ్యకు ఐదో నెల. మొన్న స్కానింగ్‌లో బిడ్డ తల పైభాగం ఏర్పడలేదని తేలింది. అలాంటి బిడ్డ కడుపులో ఉన్నంతకాలం బతుకుతుందని, పుట్టాక కొన్ని గంటలకు మించి ఉండదని డాక్టరమ్మ చెప్పింది. మందు లేదు, ఆపరేషన్ లేదు. తీయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, రెండు వారాల్లో తేల్చుకుని రమ్మంది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. చెబుతున్నంతసేపూ స్రవ్య భుజం మీద చెయ్యి వేసే ఉంది.

"బుక్కెడంత తినరాదే బిడ్డా," ఆగమ్మ ఉప్మా పళ్లెం కోడలి ముందు పెట్టింది. "నీకు కాకున్నా, లోపల ఉన్నదానికన్న."

స్రవ్య కళ్లు నిండాయి. పళ్లెం ముట్టలేదు.

"ఫికర్ చెయ్యకు. డాక్టర్లకు ఏం ఎరుక? దేవుడిచ్చిన పానం దేవుడే తీస్కపోవాలె. మనం తీస్తే పాపం కాదా? రేపు ఏ మొఖం పెట్టుకొని గుడికి పోతం?"

"అమ్మా!" డ్యూటీకి బయల్దేరుతున్న శౌరి గుమ్మంలో ఆగిపోయాడు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్ అతను. స్కానింగ్ రోజు నుంచి గడ్డం గీసుకోలేదు. "పొద్దుగాలనే మొదలుపెట్టకు. ఇంకా నాలుగు నెలలు మోసి, కని, మట్టిల పెట్టుడు నీకు కాదు, దానికి. మధ్యల దానికేమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా? తేల్చుకునేది మేమిద్దరం. ఇంకో మాట. ఇది ఈ ఇల్లు దాటొద్దు."

"నేనెవరికి చెప్తరా?"

పేపరు చాటున ఆమె భర్త బుచ్చయ్య చిన్నగా దగ్గాడు. జూలో నీళ్ల పంపుల దగ్గర పనిచేసి రిటైరైన ఆ మనిషి నోరు తెరవడం తక్కువ. ఇంటికి కావలసిన మాటలన్నీ ఆగమ్మే మాట్లాడుతుంది. ఆమె మనసులో కల్మషం ఉండదు, నోట్లో మాట నిలవదు. వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా మధ్యాహ్నానికల్లా మూడిళ్ల అవతలికి చేరిందంటే మోసింది ఎవరో అందరికీ తెలుసు.

సాయంత్రం చర్చి ఆడవాళ్ల సంఘం మరియదళం పెద్ద నాగమణమ్మ స్వరూపాన్ని పట్టుకుని ముందు నడవగా ఆడవాళ్లంతా పాట పాడుకుంటూ వచ్చారు. ఇరుకు గదిలో ఒకరినొకరు ఆనుకుని చాపల మీద కూర్చున్నారు. అగరొత్తుల పొగ, మల్లెపూల వాసన, కుక్కర్‌లో ఉడుకుతున్న శనగలు. ఆగమ్మకు ఎన్నడూ లేనంత గట్టిగా జపమాల చెప్పాలనిపించింది. పూస పూసకూ ఒకటే మాట, తల్లీ నా కోడలి మనసు మార్చు.

జపమాలలో చివరిదైన ఐదో రహస్యం అయ్యాక ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరు తమ కోరిక పైకి చెప్పాలి. మిగిలినవాళ్లు "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము" అనాలి. నాగమణమ్మ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. ఆలకించుము అన్నారు. ఒకామె కొడుకు ఉద్యోగం, ఇంకొకామె అద్దె ఇంటి లొల్లి. ఆలకించుము, ఆలకించుము. ఆగమ్మ వంతు వచ్చింది. అందరూ చల్లగ ఉండాలె అని చెప్పి ఊరుకుందామనే అనుకుంది. కళ్లెత్తి ఆ తల్లి ముఖం చూసేసరికి గుండెలో ఉన్నది గొంతులోకి వచ్చేసింది.

"తల్లీ, నా కోడలు కడుపుల బిడ్డకు తల సక్కగ రాలేదంట. తీసేస్తమంటున్నరు. తియ్యనియ్యకు తల్లీ! ఆ పాపం మా ఇంటికి రానియ్యకు!"

అలవాటు కొద్దీ గదంతా ఒక్క గొంతుతో "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము" అంది. ఆ తర్వాతే తాము విన్నదేమిటో వాళ్లకు అర్థమైంది. అన్ని తలలూ వంటింటి వైపు తిరిగాయి. గుడాల పళ్లెం పట్టుకుని స్రవ్య అక్కడే నిలబడి ఉంది. పళ్లెం నెమ్మదిగా కింద పెట్టింది, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

గుడాలు తినకుండానే అందరూ లేచారు. వెళ్తూ వెళ్తూ ఒకామె మూసిన తలుపు దగ్గర నిలబడి "పాపం చెయ్యకు తల్లీ" అని సలహా కూడా పారేసి పోయింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన శౌరి చెవిన ఆ మాట పడింది.

"ఏం పని చేసినవమ్మా? పొద్దుగాల ఏం చెప్పిన నీకు?"

"నేను మనుషులకు చెప్పలేదురా, ఆ తల్లికి చెప్పిన!"

"మైకు పెట్టి చెప్పకపోయినవ్?"

తలుపు తెరుచుకుంది. స్రవ్య ఏడవడం లేదు, అది చూసే ఆగమ్మకు భయమేసింది.

"అందరు ఆలకించుమన్నరు గద అత్తమ్మా. ఇందరిల ఒక్కరన్న నన్ను ఆలకించినరా? తీయించుకుంటనని నేను నీకెప్పుడన్న చెప్పిన్నా? నాకింకా ఏం తోస్తలేదు. నీళ్లు పోసుకుంటుంటే తన్నుతుంది. శౌరి దగ్గరికొస్తే తన్నుతుంది. రేపు బస్సుల ఎవరన్న ఎన్నో నెలమ్మా అనడిగితే ఏం చెప్పాలె? ఉయ్యాల కొనాల్నా, పెట్టె కొనాల్నా?" తలుపు రెక్క పట్టుకుంది. "నువ్వు పాపం పాపమంటున్నవ్. నాకు భయమైతుంది అత్తమ్మా. భయం గురించి ఒక్కసారన్న అడిగినవా?"

ఆగమ్మ ఏదో అనబోయింది. బుచ్చయ్య పేపరు మడిచాడు.

"ఆగమ్మా. కోడలికి గోడ కాడి సంగతి చెప్పు."

ఆగమ్మ చూపు తిప్పుకుంది. "ఇప్పుడదెందుకు?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

చనిపోయినవాళ్లను తలుచుకునే ఆత్మల పండుగ దగ్గరపడింది. పండుగకు ముందు ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయడం ఆగమ్మకు అలవాటు. ఈసారి చెప్పుకోవడానికి వెళ్లినా, ఒక బిడ్డ ప్రాణం కోసం పోట్లాడాను కదా అని లోపల కాస్త గర్వంగానే ఉంది. ఫాదర్ అంతా విన్నాడు.

"కడుపులో ఉన్నది కూడా మనిషే, దాని విలువ తగ్గదు అన్నావు. నిజమమ్మా, మన తిరుసభ చెప్పేది అదే. మరి మోస్తున్న ఆమె విలువ?"

ఆగమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఇంటికి వెళ్లి ఆమె పక్కన కూర్చో. ఏమీ మాట్లాడకు. నీకు అదే ప్రాయశ్చిత్తం."

యాభైమూడు పూసల జపమాల పదిసార్లు చెప్పమన్నా ఆగమ్మ సంతోషంగా చెప్పేది. నోరు మూసుకుని కూర్చోవడమంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది. అయినా కూర్చుంది. స్రవ్య చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని తనూ ఒలిచింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే కాళ్ల దగ్గర కూర్చుంది. మొదట స్రవ్య ముడుచుకుపోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం, కళ్లు మూసుకునే అత్త చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. అరచేతి కింద బిడ్డ కదిలింది. ఆగమ్మ పళ్లు బిగబట్టి మాట ఆపుకుంది. కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

ఆత్మల పండుగ రోజు అందరూ సమాధుల తోటకు వెళ్లారు. బుచ్చయ్య తల్లి సమాధి కడిగి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించారు. ఫాదర్ తీర్థం చల్లుకుంటూ ఒక్కో సమాధి దగ్గర ఆగి జపం చెబుతున్నాడు. ఆగమ్మ సంచిలోంచి ఇంకో కొవ్వొత్తి తీసుకుని గేటు దాటి రోడ్డు మీదికి నడిచింది. ఏటా అంతే. ఎవరికని చిన్నప్పుడు శౌరి అడిగితే, దిక్కులేని ఆత్మలకు అని చెప్పింది.

ఈసారి స్రవ్య వెంట వెళ్లింది.

ప్రహరీ గోడను ఆనుకుని ఒక పండ్లబండి ఉంది. ఆగమ్మను చూడగానే ఆ బండి అతను "జర రుకో అమ్మా" అంటూ ఏమీ అడగకుండా బండిని రోడ్డు మీదికి లాగాడు. ఖాళీ అయిన చోట ఆగమ్మ చతికిలపడి కొవ్వొత్తి వెలిగించింది. గాలికి ఆరకుండా కొంగు అడ్డం పెట్టింది.

"ఎవరికి అత్తమ్మా?"

ఆగమ్మ కొంగును మంటకు ఇంకాస్త దగ్గరగా జరిపింది. ఊళ్లో సంగతులన్నీ చెప్పే మనిషి, ఈ ఒక్క సంగతి కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

"శౌరి కంటె ముందు ఒక ఆడపిల్ల. కడుపులనే పోయింది. జ్ఞానస్నానం లేని పిల్లకు సమాధుల తోట లోపల జాగ లేదన్నరు అప్పటి పెద్దమనుషులు. మీ మామ తన ఖాకీ అంగీల చుట్టుకొచ్చి ఈడ పాతిపెట్టిండు. సమాధి లేదు, పేరు పెట్టనియ్యలే. చూస్తే మరువలేవని మా అత్త దాని మొఖం గూడ చూడనియ్యలే." సిమెంటు గచ్చు మీద అరచెయ్యి పెట్టింది. "చూడలేదు గని, మరిచిన్నా? గిప్పటికి గూడ దాని మొఖం ఎట్లుండెనో అనుకుంట."

స్రవ్య ఆమె పక్కన కూర్చుంది.

"నీకు గిది చెప్పాల్సింది బిడ్డా. చెప్పే ధైర్నం లేక పాపమని బెదిరిచ్చిన. పదిమందిల నీ పరువు తీసిన. మాఫ్ చెయ్." ఆగమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "తీయించుకో అనే మాట నా నోట రాదు. అది నా తోని కాదు. గని నువ్వేం తేల్చుకున్నా, ఈ చెయ్యి ఇడువ. ఆస్పత్రిల నిన్ను ఒక్కదాన్ని పండనియ్య."

గోడ అవతల ఫాదర్ జపం వినిపిస్తోంది. స్రవ్య కొవ్వొత్తినే చూస్తూ పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"పుట్టంగనే నా చేతికిస్తరా అత్తమ్మా? తల ఎట్లున్నా?"

"ఇయ్యకుంటే నేను కొట్లాడి తెచ్చిస్త."

"ఫాదర్ వచ్చేదాక ఉండకపోతే జ్ఞానస్నానం ఎట్ల?"

"అసొంటప్పుడు ఎవరన్న ఇయ్యొచ్చు బిడ్డా. నీళ్లు పోసి, పేరు పెట్టి, ఆ జ్ఞానస్నానం మాట చెప్తే సాలు."

"అయితే నువ్వియ్యి." స్రవ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. "శౌరికి నేను చెప్పుకుంట. భయం పోలేదు అత్తమ్మా. మస్తు భయం ఉంది. గని దాని మొఖం చూస్త." ఆగి, గోడ వైపు చూసింది. "లోపలనే పెడ్తరు గద?"

"లోపలనే. మా అత్త పక్కన," అంది ఆగమ్మ. కోడల్ని రెండు చేతులా దగ్గరికి తీసుకుని, ముప్పయ్యేళ్లుగా ఏడవనిదంతా అక్కడే ఏడ్చింది.

వెనక రోడ్డంతా హారన్లు మోగుతున్నాయి. పండ్లబండి అతను అందరి చేతా తిట్లు తింటూ, కొవ్వొత్తి పూర్తిగా కరిగేదాకా బండిని రోడ్డు మధ్యలోనే పట్టుకుని నిలబడ్డాడు.