కఫీల్ కమరున్నిసా బేగం

భార్యకు విడాకులిచ్చిన పద్ధతిలో బాఖర్ మియా ఎక్కడా మర్యాద తప్పలేదు. ముందుగా తృప్తిగా భోజనం ముగించాడు. కూర బాగుందన్నాడు. చేతులు కడుక్కుని, భార్య అందించిన తువాలుతోనే మూతి తుడుచుకుని, దాన్ని మడిచి ఆమె చేతికి తిరిగి ఇస్తూ, "గజాలా, నీకు తలాఖ్ ఇచ్చాను. పొద్దున్నే ఖాజీ గారి దగ్గర పని పూర్తయింది. నువ్వు కంగారు పడకు," అన్నాడు.

గజాలా కంగారు పడలేదు. కంగారు పడడానికి కూడా ఒంట్లో కాస్త ప్రాణం ఉండాలి కదా... తువాలు తడిగా ఉందని, ఎండలో ఆరేయాలని మాత్రం ఆమెకు తోచింది. పక్క గదిలో కైనాత్ అరబ్బీ పాఠం వల్లె వేస్తోంది. రోజూ వినే ఆ చిన్న గొంతు ఈ పూట బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. పదకొండేళ్ల కాపురం కూరగాయల బేరం తెగినంత తేలిగ్గా తెగిపోయిందన్న వార్తను చెవులు విన్నాయే గాని, మనసు దాన్ని లోపలికి రానివ్వలేదు. గుమ్మంలోనే నిలబెట్టింది.

కారణం కూడా బాఖర్ దాచలేదు. ముహర్రఖ్ ఊళ్లో ఒక అత్తరు వర్తకుడు తన కూతురిని ఇతనికిస్తానన్నాడు. హైదరాబాదు నవాబుల దేవిడీ రక్తమన్న గౌరవంతో ఇస్తున్నాడు. కాకపోతే పాత భార్య తమ కంటికి కనపడకూడదన్నది షరతు. అతను ఆ మాటను ఎంత నెమ్మదిగా చెప్పాడంటే, వింటున్నవాళ్లకు త్యాగం చేస్తున్నది అతనేనేమో అన్న అనుమానం కలిగేది.

ఆ గల్ఫు దేశంలో పరాయివాళ్ల ఉనికికి పూచీ పడే మనిషిని కఫీల్ అంటారు. కఫీల్ పేరు లేని మనిషికి అక్కడ నీడ కూడా పడదు. గజాలాకు ఆ కఫీల్ భర్తే. పౌరసత్వం కోసం ఆమె పెట్టుకున్న దరఖాస్తు ఇంకా తేలలేదు. మధ్యలో నివాసం తెగిందంటే దరఖాస్తూ దానితోపాటే పోతుంది. కైనాత్ సంగతి వేరు. తండ్రి పౌరుడు కాబట్టి పుట్టుకతోనే ఆ దేశపు బిడ్డ. తండ్రి ఒప్పుకోనిదే విమానం ఎక్కడానికి వీల్లేదు. అంటే గజాలా ఈ నేల మీద లేకపోతే, బతికుండగానే కైనాత్‌కు తల్లి లేనట్టే.

"అంత దూరం ఎందుకు ఆలోచిస్తావు?" అన్నాడు బాఖర్, ఆమె ముఖం చూసి. "తలాఖ్ తర్వాత ఆడది ఆగాల్సిన మూడు నెలల ఇద్దత్ గడువు ఉంది. పుట్టింట్లో గడుపుకుని రా. టికెట్ నేనే కొంటాను. తిరిగొచ్చాక నీ కాగితాల సంగతి చూద్దాం. పాప ఎక్కడికి పోతుంది?"

విడాకులిచ్చిన మొగుడు ఇంత దయగా మాట్లాడడం చూసి గజాలా కళ్లు నిండాయి. జగిత్యాలలో అమ్మ ఉంది. అమ్మ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చి ఎన్నేళ్లయిందో... సరేనన్నట్టు తలూపింది.

కాని ఆ ఇంట్లో సరేననడానికి అధికారం ఒక్కరికే ఉంది.

హూరా పేటలోని ఆ రెండంతస్తుల ఇల్లు ఒక సామ్రాజ్యం. బాఖర్ చూసుకునే దుకాణం గల్లాపెట్టె నుంచి వంటింటి ఉప్పుజాడీ దాకా సర్వం అత్తగారు కమరున్నిసా బేగం ఏలుబడిలోనిదే. వచ్చిన ప్రతి అతిథికీ టీతోపాటు ఆమె వంశచరిత్ర కూడా అందేది. హైదరాబాదులో దేవిడీ, ఆ దేవిడీకి ఏనుగు పట్టేంత దర్వాజా, దర్వాజాకు ఇరువైపులా బంట్రోతులు. జగిత్యాల దర్జీ కూతురైన గజాలాను ఆ ఏనుగులు పదకొండేళ్లుగా తొక్కుతూనే ఉన్నాయి. బేగం గారికి ఉర్దూ తప్ప ఇతర భాషలు గిట్టవు. తెలుగు అనేది ఒక భాషేనని ఆమె ఒప్పుకున్న దాఖలాలు లేవు.

ఆ సాయంత్రమే ఆమె కోడలి పెట్టె తెరిచి పాస్‌పోర్టు తీసి, తన ఇనుప బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది.

"ఈ ఇంటి కోడలు ఇద్దత్ ఈ ఇంట్లోనే గడుపుతుంది," అని ఉర్దూలో ఫర్మానా జారీ చేసింది. "మా దేవిడీలో అదే రివాజు. బాఖర్, నువ్వు ఇకపై దుకాణం మీది గదిలో పడుకో."

"అమ్మీ, ఆమె పుట్టింటికి పోతానంటే..."

"నేను మాట్లాడాక ఇంకా ఎవరైనా మాట్లాడుతున్నారా?"

బాఖర్ తన దిండు తీసుకుని దుకాణం మీది గదికి బయల్దేరాడు. గజాలాకు మాత్రం రెండోసారి నేల కదిలింది. మొగుడు వదిలేశాడు, అత్త వదలనంటోంది. ఇన్నేళ్లు చేసిన చాకిరీ చాలలేదా? ఉత్త మనిషిగా మిగిలాక కూడా ఈ ఇంటి గోడలకే ఎందుకు కట్టేస్తోంది ఈ తల్లి? బిడ్డ నిద్రపోయాక దిండులో ముఖం దాచుకుని ఆమె ఏడ్చిన ఏడుపును ఆ గోడలే విన్నాయి... కనీసం అలాగని ఆమె అనుకుంది.

గజాలా తమ్ముడు ఆతిఫ్ మనామాలో ఒక కంపెనీకి డ్రైవరు. కబురు తెలిసి వచ్చి, హాల్లో అక్క పక్కన కూర్చున్నాడు. ఎదురుగా బేగం గారు తమలపాకుల పాన్‌దాన్ ముందు పెట్టుకుని పోకచెక్కలు కత్తిరిస్తోంది. ఆమె వినరాని మాటలన్నీ అక్కాతమ్ముళ్లు ఆమె ఎదుటే తెలుగులో మాట్లాడుకోవడం ఆ ఇంట్లో పాత అలవాటు. ఆ సామ్రాజ్యంలో వాళ్లకున్న ఏకైక స్వాతంత్ర్యం అదే. దాన్ని వాళ్లు ధారాళంగా వాడుకున్నారు.

"ఏమంటున్నది గేరుబాక్సు?" అన్నాడు ఆతిఫ్, ముసలామె వైపు చూసి వినయంగా నవ్వుతూ. ముందుకూ పోదు, వెనక్కూ రాదు అన్న అర్థంలో అతను పెట్టిన పేరది.

"పాస్‌పోర్టు ఇయ్యనంటున్నదిరా. మొగడు పొమ్మంటుండు, ఈమె వద్దంటున్నది. నన్ను ఈడనే పాతిపెట్టాలని ఉన్నది కావచ్చు," అంది గజాలా.

"నువ్వు రంది పడకు ఆపా. ముసల్ది నమాజుకు నిలబడ్డప్పుడు కొంగు ఇప్పి చెవి తీస్త. బీరువ తీసుడు నాకు నిమిషం పని. రేపటి ఫ్లైటుకు బావ టికెట్ సుత తెచ్చిండు."

"చూస్తదేమోరా."

"చూస్తే ఏమంటది? దానికి తెలుగు రాదు, నాకు భయం లేదు."

అడకత్తెర ఆగింది.

"నమాజుల ఉన్నప్పుడెందుకు బిడ్డా, పాపం తగుల్తది," అంది కమరున్నిసా బేగం, జగిత్యాల సంతలో చింతపండు అమ్మే ఆడమనిషి గొంతుతో. "ఇప్పుడే ఇప్పుకో. ఈడనే ఉన్నది చెవి. గేరుబాక్సుకు ఇయ్యాల రివర్సు పడ్డది, చూస్తివా?"

ఆతిఫ్ నోట్లోకి పోతున్న బిస్కెట్టు దారిలోనే నిలిచిపోయింది. తుమ్మమొద్దు, పాత మోటరు, పీనాసి బేగం... పదకొండేళ్లుగా ఈమె ముఖం ఎదుట నవ్వుతూ అన్న మాటలన్నీ ఒక్కొక్కటీ లేచి వచ్చి వరసగా ఎదుట కూర్చున్నాయి.

"అమ్మీజాన్... మీకు తెలుగు..." అంది గజాలా.

"మాది కోరుట్ల దగ్గరనే. మా అమ్మ బీడీలు చేసేది. ఏ దేవిడీ లేదు, ఏ ఏనుగు లేదు. ఒక సాహెబుల ఇంటి పిల్లల్ని ఎత్తుకునేటందుకు ఆయాగ వచ్చిన ఈ అరబ్బు దేశానికి. బాఖర్ వాళ్ల నాయిన చూసి నిఖా చేసుకున్నడు. ఆయన దుకాణానికి పెద్దింటి పెండ్లాం కావాలె. దేవిడీ ఆయననే కట్టించిండు, ఏనుగును ఆయననే తోలుకొచ్చిండు. తెలుగు నోట్లెకెళ్లి రావద్దన్నడు. నలభై ఏండ్లు రానియ్యలే."

"మరి మేం గన్ని మాటలంటుంటే ఎందుకు ఊకున్నరు?" అన్నాడు ఆతిఫ్. అతని గొంతు పదేళ్ల పిల్లవాడి గొంతులా ఉంది.

ముసలామె అడకత్తెరను పాన్‌దాన్‌లో పెట్టి మూత వేసింది.

"నోరు ఇప్పితే మీరు నా ముంగట మాట్లాడుడు బంద్ చేస్తరు గద... నువ్వు తిట్టినా సరే, ఆ మాట చెవులల్ల పడుతుంటే మా అమ్మ పక్కన కూసున్నట్టుండేది నాకు. శుక్రవారం శుక్రవారం నువ్వెప్పుడొస్తవా అని చూసేదాన్ని. నువ్వు రాని వారం పొద్దు గడవకపోయేది."

గజాలా లేచి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. కాని బేగం గారికి ఆ దృశ్యం మీద శ్రద్ధ లేదు. ఆమెకు చెప్పవలసిన అసలు సంగతి ఇంకా ఉంది.

"ఏడుపు తర్వాత. ముందు ఇను. నా కొడుకు నా దగ్గర ఏదీ దాయడు. దాయాలని తెలువది వానికి. నువ్వు విమానం ఎక్కంగనే నీ వీసా కొట్టేపిస్తడంట. ఇగ ఈ దేశంల నీ పేరు ఉండది. నీ దరఖాస్తూ ఉండది. పిల్లను నువ్వు ఫోన్ల చూసుకోవాలె. 'అమ్మీ, నువ్వు జర ఆమెకు నచ్చజెప్పి పంపియ్' అన్నడు నాతోని. గందుకే పెట్టిన బీరువల. నిన్ను కట్టేసిన అనుకున్నవు గదా బిడ్డా?"

మెత్తగా మాట్లాడిన నోరు గొయ్యి తవ్వింది. కసిరిన చెయ్యి ఆ గొయ్యి అంచున పట్టుకుని ఆపింది. ఆ రెంటినీ పోల్చుకోలేని తన మంచితనం మీద గజాలాకు ఆ క్షణంలో కలిగినంత సిగ్గు, విడాకుల మాట విన్నప్పుడు కూడా కలగలేదు. ఆతిఫ్ జేబులోంచి టికెట్ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక బిస్కెట్ల ప్లేటు కింద దాచాడు.

ఇద్దత్ ముగిసే వారం కమరున్నిసా కొడుకును పిలిపించింది. వివాహబంధం తెగిపోయాక ఇంకా భర్త పూచీ మీద ఉండడం కుదరదు. వేరొక కఫీల్ కావాలి. అందుకు పాత కఫీల్ ఒప్పుకుని వదలాలి.

"గజాలా కఫీల్‌గా నా పేరు రాయించు," అంది ఉర్దూలో.

బాఖర్ నవ్వాడు. "ఏ హోదాలో అమ్మీ? మాజీ కోడలికి వీసా ఇచ్చే దేశం ఎక్కడా లేదు."

"పనిమనిషి హోదాలో."

టీ ట్రేతో వస్తున్న గజాలా తలుపు వెనకే ఆగిపోయింది. తను కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో, కూతురు దాదీ అని పిలిచే మనిషి దగ్గర, కాగితం మీద పనిమనిషి... ఆ మాట గుండెలో ఎక్కడో ముల్లులా దిగింది. దానితోపాటే, ఆ ముల్లుకు అవతల కైనాత్ స్కూలు సంచీ వేసుకుని నిలబడి ఉన్నట్టు కనిపించింది. ఆమె ట్రేను గట్టిగా పట్టుకుంది.

"నేను వదలను," అన్నాడు బాఖర్. "ముహర్రఖ్ వాళ్లకు తెలిస్తే పెళ్లి ఆగిపోతుంది. మీకు మీ కొడుకు సుఖం కంటే..."

"బాఖరూ," అంది తల్లి తెలుగులో. "ఇగ నా మాట ఇను కొడుకా."

అతను చుట్టూ చూశాడు. గదిలోకి ఇంకెవరో వచ్చారనుకున్నాడు. ఆ మాటలు తన తల్లి పెదవుల నుంచే వస్తున్నాయని తెలుసుకున్నాక, నవాబుల వంశాంకురం ముఖంలో నెత్తురు చుక్క మిగల్లేదు.

"అమ్మీ... ఇదేం భాష?"

"నన్ను పెంచిన భాష," అని ఆమె మళ్లీ ఉర్దూలోకి దిగింది. "రేపు ముహర్రఖ్ వెళ్లి, నీ కొత్త అత్తగారి ఎదుట కూర్చుని, నేను ఏ ఇంట్లో ఎవరి పిల్లలను ఎత్తుకున్న ఆయానో ఈ భాషలోనే చెబుతాను. ఆతిఫ్ ఉర్దూలో వివరిస్తాడు. దేవిడీ కావాలా నీకు, లేకపోతే ఈ పిల్లను వదలకపోవడం కావాలా? రెండూ దొరకవు."

"మీ పరువు కూడా పోతుంది."

"పోనీ. నలభై ఏళ్లు మోశాను. మెడ నొప్పి పుడుతోంది."

కొడుకు సంతకం పెట్టాడు. కైనాత్ నాయనమ్మ ఇంట్లోనే ఉంటుందని కూడా ఒప్పుకున్నాడు. కొత్త ఇంట్లో ఎలాగూ ఆ పిల్లకు చోటు లేదు కాబట్టి, ఆ ఔదార్యం అతనికి కష్టమనిపించలేదు.

వీసా ఆఫీసులో గుమాస్తా మంచివాడు. కాగితాలు తిరగేసి, నివాసం తెగలేదు కాబట్టి గజాలా దరఖాస్తును తీసిపారేయరని, ఎన్నాళ్లకు తేలుతుందో, అసలు ఎటు తేలుతుందో మాత్రం దేవుడికే తెలియాలని చెప్పాడు. ముసలామె అతని అరబ్బీని కోడలికి తెలుగులో వినిపించింది, పక్కన జనం ఉన్నా గొంతు తగ్గించకుండా. చివరగా అతను కఫీల్ వయసు చూసి కాస్త తటపటాయించి ఇంకొక మాట అన్నాడు. ఆ మాటను ఆమె వెంటనే చెప్పలేదు.

"ఏమంటున్నడు?"

"ఏం లేదు. కఫీల్ చచ్చిపోతే వీసా సుత ఆమెతోనే పోతదంట. ముసలోళ్లకు చెప్పే ముచ్చటేనా ఇది?" అని బుర్ఖా సవరించుకుని లేచింది.

మనామా బజారులో హల్వా దుకాణం ముందు బేగం గారు ఆగింది. రాగి పళ్లెంలో ఎర్రటి హల్వా నెయ్యి కక్కుతూ మెరుస్తోంది. చక్కెర జబ్బు ముదిరి, డాక్టరు తీపి పేరెత్తవద్దన్నా, ఆ ఇంట్లో ఆమె నోటికి అడ్డు చెప్పిన ప్రాణి ఇన్నేళ్లలో లేదు. ఒక గిన్నెడు తీసుకుని పెద్ద ముక్క తుంచింది.

"పని అయింది. నోరు తీపి చేసుకోవాలె."

గజాలా చెయ్యి తనకు తెలియకుండానే లేచి, ఆ ముక్కనూ గిన్నెనూ కలిపి లాగేసుకుంది. దుకాణదారు నోరు తెరిచాడు. సామ్రాజ్ఞి నివ్వెరపోయింది. ఉత్త చేతిని అలాగే గాలిలో పట్టుకుని కోడలి వైపు చూసింది.

"పనిల చేరిన పూటనే ఎదురు తిరుగుతున్నవా? కఫీల్ మాట ఇనవా?"

"ఇనను," అంది గజాలా. గిన్నె మాత్రం వదల్లేదు. "నువ్వు బతకాలె. నా కైనాత్ కోసమని మొదలు అనుకున్న... కాదు. ఉత్తగనే. నువ్వు బతకాలె, అంతే."

ఆ మాట ఆమెతో ఎవరైనా అని ఎన్నాళ్లయిందో, అసలు ఎప్పుడైనా అన్నారో లేదో... కమరున్నిసా బేగం పెదవులు కదిలాయి గాని ఏ భాషా బయటికి రాలేదు. ఆమె నేతి వేళ్లను బుర్ఖా అంచుకు మెల్లగా తుడుచుకుని, రద్దీలో తడబడకుండా ఉండడానికి, పనిమనిషి భుజం మీద చెయ్యి వేసింది.