గాజంత చూపు

రాజేష్ పరిగెడుతున్నాడు!

వెనకాల తుపాకీతో వాళ్ళ వదిన విజయ... ఊరందరి లెక్కలో గుడ్డిది!

మార్కాపురం పలకల క్వారీ. వెన్నెల. కాళ్ళ కింద రాతిపెచ్చులు పటపట విరుగుతున్నాయి.

విజయకు కుడికంట్లో చేతిగాజంత చూపుంది. చుట్టూ అంతా నలుపే. ఆ గాజు మధ్యలో రాజేష్ వీపు ఊగుతోంది.

"పోనీయొద్దమ్మా వాణ్ణి!"

పక్కనే టార్చి పట్టుకుని కొండయ్య. చనిపోయిన మొగుడికి క్వారీలో భాగస్తుడు. తుపాకీ ఇచ్చింది ఆయనే. నాటుది. ఒక్కసారే పేలుతుంది!

పోయినేడు ఇక్కడే ఎవడో ఆమె మొగుణ్ణి గడ్డపారతో చంపాడు. అరుస్తూ ఉరికొచ్చిన ఆమెనూ వెనక నుంచి తలమీద కొట్టాడు. ముఖం చూడలేదు. కంటినరాలు నలిగిపోయాయి.

గిద్దలూరులో హెలెన్ డాక్టరమ్మ గ్లాకోమా చుక్కలు రాసింది. నరాన్ని కాపాడొచ్చు, మళ్ళీ చిగురింపజేయొచ్చు... గ్యారంటీ లేదంది.

నెలలు గడిచాయి. ఏమీ లేదు!

"ఈ మందు పడితే రెప్పల వెంట్రుకలు పొడుగవుతాయమ్మా. నీవి పెరగలేదేంది? ఆ సీసా ఇట్లియ్యి!" ఒకరోజు అడిగింది డాక్టరమ్మ.

సీసాలో ఉన్నది మందు కాదు!

అప్పట్నుంచి డాక్టరమ్మే తన చేత్తో వేసింది. రెప్పలు పెరిగాయి. చూపు మొలిచింది.

పగ కూడా!

ఇంట్లో చుక్కలు వేసింది మరిది రాజేష్. ఆమెకు చూపొస్తే ఆరా తీస్తుందని భయపడేది హంతకుడు కాక ఇంకెవడు?

రాజేష్ ఆగిపోయాడు. ఎదురుగా నీళ్ళు నిండిన క్వారీ గుంత.

"మందు మార్చినావు కదరా!"

"అమ్మతోడు వదినా! నేను గిద్దలూరు ఎప్పుడు పోయినా? ఆ సీసాలు తెచ్చిచ్చింది..."

"వాని మాటలినొద్దు!" కొండయ్య అరిచాడు. "నీ కళ్ళల్లో ఉప్పునీళ్ళు పోసినోడమ్మా! కాల్చు!"

ట్రిగ్గర్ మీద వేలు... ఆగింది.

"ఉప్పునీళ్ళా మామా?"

విజయ తుపాకీ కాస్త దించింది.

"మందు మారిందనే నీకు చెప్పినా. ఉప్పునీళ్ళని నాకు, డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలీదే!"

టార్చి కింద పడింది. విజయ గిర్రున తిరిగింది.

గాజులో కొండయ్య లేడు!

"నీకు కనపడేది ఎంతో నువ్వే చెప్తివి కదమ్మా..." నలుపులోంచి గొంతు. "వాణ్ణి నువ్వు చంపి జైలుకు పోయుంటే, క్వారీ మొత్తం నాదయ్యేది. ఉత్తపుణ్యానికి నాకు పని పెట్టినావు!"

ఇనుము రాతిని గీసిన చప్పుడు. గడ్డపార!

ఒక్కటే తూటా. ఎటు కాల్చాలి?

"కుడికి వదినా! కుడికి!"

పారిపోవాల్సిన రాజేష్... ఉన్నచోటే నిలబడి అరుస్తున్నాడు!

విజయ కుడికి తిరిగింది.

గాజు నిండా కొండయ్య ముఖం.

"ఇప్పుడు కనపడినావు మామా!"

ఢాం!