పబ్లిష్ నొక్కకండి

"నువ్వెప్పుడైనా పాఠం చెప్పావా?" అడిగాడు చీఫ్.

"నాకు చెప్పినవాళ్ళే ఎక్కువ సర్," అన్నాడు శొంఠికొమ్ము.

అతని అసలు పేరు గూఢచారి డిపార్ట్‌మెంట్ ఫైళ్ళలో కూడా లేదు. పెళ్ళి లేదు, స్నేహితుల్లేరు. ఒంటికాయ శొంఠికొమ్ము అని ఎవరో ఎగతాళి చేస్తే చీఫ్ దాన్నే కోడ్‌నేమ్‌గా ఖాయం చేశాడు. ఉన్న ఒక్క అక్క కూడా తమ్ముడు ప్రింటర్లు అమ్ముకుని బతుకుతున్నాడనే అనుకుంటోంది.

చీఫ్ తెర మీద ఒక ఫొటో వేశాడు. కళ్ళజోడు, జేబులో పెన్ను, అమాయకపు నవ్వు.

"కంప్యూటర్ మాస్టారు. మొన్న లిఫ్ట్ గుంటలో శవమై దొరికాడు. వెబ్ డిజైన్ క్లాసు కోసం ల్యాబ్ సిద్ధం చేస్తూ చూడకూడనిదేదో చూశాడు. ఆ ల్యాబ్ ఉన్న బిల్డింగ్ పై అంతస్తులో రైల్వే సిగ్నల్ కంట్రోల్ ఉంది. రెండింటికీ ఒకే కేబుల్."

"మధ్యలో ఫైర్‌వాల్ ఉంటుంది కదా సర్?"

"ఒక్క మెషిన్ తోస్తే అది కదలదు. గదిలో మెషిన్లన్నీ ఒకేసారి తోస్తే కూలుతుంది. స్టూడెంట్లందరూ తమ పేజీలు నెట్‌లో పెట్టడానికి ఒకేసారి పబ్లిష్ బటన్ నొక్కే క్షణం కోసం విదేశీ ముఠా కాచుకుని ఉంది. సోమవారం మొదటి క్లాసు. సరిగ్గా ఆ వేళకి రెండు ఎక్స్‌ప్రెస్‌లు జంక్షన్‌కి వస్తాయి. అన్ని సిగ్నళ్ళూ పచ్చగా వెలిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?"

"క్లాసు రద్దు చేస్తే?"

"ఇంకో గది వెతుక్కుంటారు. అదెక్కడో మనకి తెలీదు. కొత్త మాస్టారువి నువ్వే. సాయానికి హంస వస్తుంది. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తోంది." చీఫ్ ఒక మార్కర్ పెన్ను అతని వైపు దొర్లించాడు. "మూత తీసి ముక్కు దగ్గర పెడితే ఏనుగైనా పడుకుంటుంది. పొరపాటున బోర్డు మీద రాసేవు."

శనివారం పొద్దున్నే శొంఠికొమ్ము ల్యాబ్ తాళం తీశాడు. దుమ్మూ, వేడెక్కిన ప్లాస్టిక్కూ కలిసిన వాసన. డిపార్ట్‌మెంట్ అతనికి ఒక రిటైరైన మాస్టారి దగ్గర ల్యాబ్ పనికీ, మొదటి పాఠానికీ మాత్రం ట్రైనింగ్ ఇప్పించింది. ఆయన నేర్పిన పద్ధతి తప్పకుండా మొదట ఒక్క మెషిన్‌ని తీర్చిదిద్దాడు. ముఠా సాఫ్ట్‌వేర్ డిస్క్‌లో దాచిన విషం అక్కడే దొరికింది. డిస్క్ పారేసి, శుభ్రమైన కాపీ వేసి, ఆ మెషిన్ ఎలా ఉందో మిగతావన్నీ అచ్చం అలాగే చేశాడు. ఆ తర్వాత అన్నిటికీ తాళం వేశాడు. ఇక ఎవరెన్ని కోతివేషాలు వేసినా రీస్టార్ట్ చేస్తే చాలు, మెషిన్ మళ్ళీ ఇప్పుడున్నట్టే లేస్తుంది.

పని అక్కడితో అయిపోయింది. కానీ అతనికి వెళ్ళబుద్ధి కాలేదు. ప్రతి కుర్చీలోనూ కూర్చుని బోర్డు కనిపిస్తోందా అని చూశాడు. మామూలు పెన్నుతో 'స్వాగతం' అని రాసి, వంకరగా వచ్చిందని చెరిపి మళ్ళీ రాశాడు. తన కోసం ఎదురుచూసే ఒక గది, అందులో మనుషులు. అతని జీవితంలో అలాంటిదెప్పుడూ లేదు.

మధ్యాహ్నం తలుపు దగ్గర హైహీల్స్ చప్పుడయింది. నల్లద్దాలు, బూడిద రంగు సిల్కు స్కార్ఫ్. ఆమె లోపలికి రాగానే గది చిన్నదైపోయినట్టు అనిపించింది.

"ఈ గదికి గాలి ఎటునుంచి వస్తుంది?"

"తలుపు వేసుకున్నవాడికి గాలితో పనేముంది?"

కోడ్ కలిసింది. హంస నల్లద్దాలు తీసి నవ్వింది. తర్వాత ఇద్దరూ కేబుళ్ళు సర్దారు, ప్రొజెక్టర్ సరిచేశారు, ఒకే రొట్టె ప్యాకెట్ పంచుకుని తిన్నారు. తాళం సంగతి అతను చెప్పలేదు. దాచాలని కాదు, గది ఊడ్చామని ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు కదా.

"ఇంట్లో మీకోసం ఎవరు చూస్తుంటారు?" అడిగింది.

"గోడ గడియారం. అదీ ఆగిపోయింది."

"నా ఇంట్లో అదీ లేదు."

ఇన్నేళ్ళలో తనని ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. సోమవారం క్లాసు అయ్యాక కాఫీకి వస్తారా అని అడిగేశాడు. తప్పకుండా అంది.

సోమవారం పొద్దున్న అతను కిందకెళ్ళి ఇద్దరికీ టీ తెచ్చేసరికి హంస ఒక్కతే ల్యాబ్‌లో ఉంది. కాసేపటికి స్టూడెంట్లు వచ్చారు. ఒక టైలరమ్మ, ఒక మెకానిక్, ఉద్యోగం పోయిన గుమాస్తా, ఇంకా కొందరు. అందరూ ఒక్కసారి "గుడ్ మార్నింగ్ సర్" అనేసరికి, తుపాకీ గుళ్ళకి బెదరని మనిషికి కళ్ళు చెమర్చాయి.

పేజీలో ఒక్క వాక్యం రాయించాడు. అక్షరాల తీరు మార్చడం చూపించాడు.

"బాబూ, ఈ ఫాంట్ల లిస్టులో చివరాఖర్న వంకరటింకర పేరొకటుందేంటి?" అంది టైలరమ్మ.

వంగి చూశాడు. శనివారం ఆ ఫాంట్ లేదు. పక్క మెషిన్‌లోనూ ఉంది. ఆ పక్కదాంట్లోనూ ఉంది. పారేసిన విషమే ఫాంట్ వేషంలో తిరిగొచ్చింది. అతను టీకి వెళ్ళినప్పుడు ఇక్కడున్నది ఒక్కరే. అతనికి ముందు గుర్తొచ్చింది ఆమె వస్తానన్న కాఫీ. రైళ్ళ సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

హంస పక్కకొచ్చి నిలబడింది. ఒక చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. "పబ్లిష్ నొక్కించండి మాస్టారూ. బ్యాగ్‌లో ఉన్నది లిప్‌స్టిక్ కాదు. గురి మీ మీద లేదు, ముందు వరుస మీద ఉంది," అంది గుసగుసగా.

"మీరు మా మనిషన్నారు."

"ఎవరి మనిషినో మర్చిపోయి చాలా కాలమైంది. కానివ్వండి, టైమవుతోంది."

"నొక్కేయమంటారా సర్?" మెకానిక్ అప్పటికే బాణాన్ని పబ్లిష్ మీద పెట్టేశాడు.

"ఆగండి!" అన్నాడు శొంఠికొమ్ము. తర్వాత గొంతు మామూలుగా పెట్టి, "ముందు అందరూ రీస్టార్ట్ చేయండి. లేకపోతే పేజీ ఇరుక్కుంటుంది," అన్నాడు.

హంస ఒక్క క్షణం ఆలోచించింది. ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్ రీస్టార్ట్‌తో ఎక్కడికి పోతుంది? వాచీ చూసుకుని తలూపింది.

తెరలన్నీ నల్లబడ్డాయి. మళ్ళీ వెలిగాయి.

"బాబూ, నా పేజీ ఏదీ? అంతా తుడిచిపెట్టుకుపోయింది!" టైలరమ్మ కేక పెట్టింది.

హంస గబుక్కున వంగి, బ్యాగ్‌లోంచి చెయ్యి తీసి మౌస్ పట్టుకుంది. లిస్టంతా వెతికింది. వంకర పేరు లేదు. ఆ క్షణంలోనే శొంఠికొమ్ము మార్కర్ మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"ఎలా..." అంది, అతని భుజం మీదికి ఒరిగిపోతూ.

"మెషిన్లకి తాళం వేయడం ల్యాబ్‌లో ఏ మాస్టారైనా మొదట చేసే పనే. మీరెప్పుడూ పాఠం చెప్పినట్టు లేరు."

"ఆ కాఫీ... వద్దామనే అనుకున్నా..." కళ్ళు మూతలు పడ్డాయి. అది నిజమో అబద్ధమో అతనికి ఎప్పటికీ తెలియదు. దూరంగా ఒక రైలు జంక్షన్ దాటిపోయింది. కొంతసేపటికి రెండోది కూడా దాటింది.

"మేడమ్‌కి ఏమైంది సర్?"

"కళ్ళు తిరిగాయి. పొద్దున్నుంచీ ఏం తిన్నట్టు లేరు."

డిపార్ట్‌మెంట్ అంబులెన్స్ వచ్చి ఆమెని తీసుకెళ్ళింది. చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "శభాష్. ఇక బయటికొచ్చెయ్. ఆ మాస్టారి వేషంతో పని అయిపోయింది."

టైలరమ్మ పోయిన వాక్యాన్ని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టింది. బయటికొస్తే ఎక్కడికెళ్ళాలో అతనికి తెలుసు. అక్కడ ఎవరూ ఉండరనీ తెలుసు.

"క్లాసు మధ్యలో ఉన్నాను సర్," అని ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు.

"రేపేం చెప్తారు సర్?" అడిగాడు మెకానిక్.

"రెండో పాఠం," అన్నాడు ధీమాగా.

సాయంత్రం, రెండు రైళ్ళని కాపాడిన ఆ మనిషి పుస్తకాల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు. "వెబ్ డిజైన్ పుస్తకం కావాలండీ. బొత్తిగా ఏమీ రానివాడికి కూడా తెల్లారేలోగా అర్థమయ్యేది!"