అవుట్‌గోయింగ్ లేని ప్లాను

బట్టలు కుట్టేవాళ్ల కాళ్లు ఊరికే ఉండవు. ఫోన్ల షాపులో కుర్చీ మీద కూర్చున్నా ఆమె పాదాలు మిషను తొక్కుతున్నట్టే ఆడుతున్నాయి. వీధిలో అందరికీ ఆమె దర్జీ, ఇంట్లో ఉన్న ఆరేళ్ల బుల్లికి పిన్ని. బుల్లి తల్లి, అంటే ఆమె అక్క, పోయి ఎనిమిది నెలలైంది. అక్క బతికుండగా వేయించుకున్న ఏడాది ప్లాను ఈరోజుతో అయిపోతోంది. ఆ నంబరు పరాయివాళ్ల పాలు కాకూడదు. బుల్లికి నోటికొచ్చిన నంబరు అదొక్కటే.

బయట ముసురు. షాపంతా తడిసిన గొడుగుల వాసన.

"ఇన్‌కమింగ్ మాత్రం ఉండే చిన్న ప్లాను చాలు," అంది.

షాపతను తెర చూసి తల గోక్కున్నాడు. "అది మీకు సరిపోదు మేడం. రోజూ గంటసేపు మాట్లాడుతున్నారుగా."

"నేనా? ఆ సిమ్ము అసలు ఫోన్లోనే లేదు. బొత్తాల డబ్బాలో పడేశాను."

అతను తెర ఆమె వైపు తిప్పాడు.

రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా. కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి ఆమె బయటికెళ్లే వేళ. అన్నీ ఒకే నంబరుకి... బుల్లి దగ్గర వదిలివెళ్లే పాత ఫోనుకి.

గోడ గడియారంలో ఆరుంపావు.

ఆమె కుర్చీలోంచి లేచింది. "ఆ చిన్న ప్లానే వేసెయ్యండి. అవుట్‌గోయింగ్ ఇప్పుడే ఆగిపోవాలి."

"నిమిషంలో ఆగిపోతుంది."

పీడ విరగడైందనుకుంది. తనను కన్నతల్లిలా చూసుకున్న అక్కని పీడ అన్నందుకు సిగ్గూ వేసింది. అయినా కాళ్లు నిలవలేదు, ఇంటిదాకా పరుగే.

ఇంట్లో దీపం లేదు. మిషను నూనె వాసన... దాని వెనకే అక్క చివరి రోజుల మందుల వాసన. మంచం మీద బుల్లి, చెవికి ఆనించిన ఫోను.

"ఎవరే?" గుసగుసగా అడిగింది.

"అమ్మ. మాట మధ్యలో ఆగిపోయింది పిన్నీ."

"రోజూ... ఏం చెబుతుందే?"

"కథలు. నీకు చెప్పొద్దంది, జడుసుకుంటావట. నేనేమో ఇంటికి రమ్మంటాను. ఫోనుంది కదే, రావడమెందుకు అంటుంది."

ఫోనుంది కదే...

ఆమె తలుపు గడియ పెట్టి, షాపుకి ఫోను చేసింది. "తమ్ముడూ, మాటలున్న ప్లాను వెయ్యి... అన్నిటికంటే పెద్దది... ఇప్పుడే!"

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒక కాలు ఈడుస్తూ. జబ్బుపడ్డాక అక్క అలాగే నడిచేది...

"ఎంతసేపు తమ్ముడూ?"

"అయిపోయింది మేడం. ఇక మాట్లాడుకోవచ్చు."

చప్పుడు గుమ్మం దగ్గర ఆగింది.

బుల్లి ఫోను మోగింది. పిల్ల ఎత్తి, ఊఁ కొట్టి, సంబరంగా మంచం దిగింది.

"పిన్నీ, ఎలాగూ ఇంతదూరం వచ్చింది కదా, నన్ను తీసుకునే పోతానంటోంది అమ్మ."

ఆమె పిల్లని రెండు చేతులా పొదివి పట్టుకుని తలుపు వైపు చూసింది. తను పెట్టిన గడియ తీసి ఉంది.